జపాన్‌లో వేడినీటి బుగ్గకి స్నేహితులతో వెళ్తున్నారా? దిగేముందు ఇది చదవండి

నాకు తెలిసినవాళ్లలో ఎవరు జపాన్‌కి టికెట్లు తీసుకున్నా నాలుగు రోజుల్లో నాకు ఫోన్ వస్తుంది. అమలాపురం నుంచి కావచ్చు, రాజోలు నుంచి కావచ్చు, ప్రశ్న మాత్రం ఒకటే. "అక్కా, వేడినీళ్ల స్నానానికి వెళ్దామని మావాళ్లంతా అంటున్నారు. నిజంగానే బట్టల్లేకుండా దిగాలా?"

దిగాలండి. ఆడవాళ్లకి వేరు, మగవాళ్లకి వేరు. కానీ అసలు టెన్షన్ పడాల్సిన విషయం అది కాదు. ఫోన్‌లో ప్రతిసారీ ముప్పావుగంట చెప్పేదంతా ఈసారి వరసగా రాసి పెడుతున్నాను. మేం ఆరుగురం వెళ్లాం. ఇంటర్ నుంచి కలిసి తిరిగిన నలుగురు ఆడవాళ్లం, మాలో ఇద్దరి భర్తలు. మగవాళ్ల వైపు సంగతులు మా ఆయన్ని అడిగి రాశాను.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. మన ఊళ్లలో మంచినీళ్ల చెరువు ఉంటుంది కదా. గట్టు మీద నుంచి బిందె ముంచుకోవడమే తప్ప అందులో ఎవరూ కాళ్లు కడగరు. ఎవరైనా కడిగితే ఊరంతా కేకలేస్తుంది. ఒళ్లు రుద్దుకోవాలంటే కాలవ రేవుకి వెళ్తాం. జపాన్ స్నానాల తొట్టిని ఆ మంచినీళ్ల చెరువే అనుకోండి. ఒళ్లు రుద్దుకోవడం బయట కుళాయి దగ్గర పూర్తిచేసి, శుభ్రమైన ఒంటితో ఊరికే కూర్చోవడానికి మాత్రమే తొట్టిలోకి దిగాలి. అక్కడి నియమాలన్నీ దాదాపు ఇందులోంచి వచ్చినవే.

రెండు పేర్లు వింటారు. భూమిలోంచి ఊరిన నీళ్లయితే ఒన్సెన్. మామూలు నీళ్లు కాచి పెట్టిన వాడకట్టు స్నానశాల అయితే సెంటో. అక్కడ 1948లో చేసిన చట్టం ప్రకారం ఊట దగ్గర 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా చట్టంలో రాసిన ఖనిజాల్లో ఏదో ఒకటైనా చెప్పినంత ఉండాలి. అప్పుడే దాన్ని ఒన్సెన్ అంటారు. మర్యాదలు మాత్రం రెండు చోట్లా ఒకటే.

కావాల్సినవి

చిన్న తువ్వాలు ఒకటి, ఒళ్లు తుడుచుకోవడానికి పెద్దది ఒకటి. చాలాచోట్ల అద్దెకీ ఇస్తారు, అమ్ముతారు కూడా. జుట్టు ముడికి రబ్బరు బ్యాండ్లు రెండు. చిల్లర, అందులో 100 యెన్ల నాణేలు తప్పకుండా ఉంచుకోండి, లాకర్లకి అవే పడతాయి. పబ్లిక్ స్నానశాలల్లో టికెట్ ఎక్కువగా 500 నుంచి 1000 యెన్ల మధ్య ఉంటుంది. కొన్నిచోట్ల దీనికి స్నానపు పన్ను కలుస్తుంది. ఒక మంచినీళ్ల సీసా. లెన్సులు పెట్టుకునేవాళ్లయితే వాటి డబ్బా, కళ్లజోడు. సబ్బు, షాంపూ చాలాచోట్ల లోపలే ఉంటాయి. పాతకాలపు చిన్న స్నానశాలల్లో ఉండవు, అందుకని చిన్న ప్యాకెట్లు రెండు సంచిలో వేసుకోండి.

1. ముందురోజు రాత్రే అందరూ కూర్చుని మాట్లాడుకోండి

చాలామంది వదిలేసేది ఇదే, ఇబ్బంది వచ్చేదీ ఇక్కడే. ముప్పై ఏళ్ల స్నేహమైనా ఒకరి ముందు ఒకరు బట్టలు లేకుండా నిలబడటం మన ఇళ్లలో ఎవరికీ అలవాటు లేదు. పుష్కరాల్లో లక్షల మంది మధ్య స్నానం చేసినా చీరతోనే మునుగుతాం. గుమ్మం దాకా వెళ్లాక ఒకరు "నేను రానే" అంటే మిగతావాళ్లు లాగుతారు, ఆమె ఏడుపు మొహంతో దిగుతుంది. అలా చేయకండి. ఎవరికి ఇష్టం, ఎవరికి కాదు అన్నది హోటల్ గదిలోనే తేల్చుకోండి. వద్దన్నవాళ్లని ఎందుకని అడగొద్దు. నెలసరి రోజులైతే తొట్టిలో దిగకూడదు, ఆ సంగతి అందరి ముందూ చెప్పించాల్సిన పని లేదు.

దిగేవాళ్లు కూడా ఒకరినొకరు చూడకూడదని ముందే అనుకోండి. లోపల జపాన్ వాళ్లు చేసేదీ అదే. అందరూ తమ పని తాము చూసుకుంటారు. మొదటి రెండు నిమిషాలు గుండె దడదడలాడుతుంది. కుళాయి తిప్పి నీళ్లు పోసుకోవడం మొదలెట్టాక ఆ దడ దానంతటదే పోతుంది.

సిగ్గు మరీ ఎక్కువైతే వేరే దారులున్నాయి. ఒన్సెన్ ఊళ్లలో వీధి పక్కనే కాళ్లు మాత్రం పెట్టుకునే తొట్లు ఉంటాయి, వాటిని ఆషియు అంటారు. చాలావాటికి డబ్బు తీసుకోరు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి బెంచీ మీద కూర్చుంటే చాలు. మా నలుగురిలో ఒకామె ట్రిప్ అంతా ఆషియుతోనే సరిపెట్టుకుంది, హాయిగా ఉందనే చెప్పింది. రెండో దారి కాషికిరి. అంటే గంట లెక్కన తాళం వేసుకునే సొంత స్నానపు గది. భార్యాభర్తలు, చిన్నపిల్లలున్నవాళ్లు, వయసైనవాళ్లని తీసుకెళ్లేవాళ్లు దీన్నే తీసుకోండి, ముందే బుక్ చేసుకోవాలి. మూడోది, ఈత దుస్తులతో దిగే చోటు. హకోనేలో యునెస్సన్ అలాంటిదే. జపానే అక్కర్లేదనుకుంటే తైవాన్‌లో బెయ్‌టో ఆరుబయటి పబ్లిక్ స్నానాలకీ, బుడాపెస్ట్‌లో 1913 నుంచి నడుస్తున్న సెచెన్యీ స్నానశాలకీ ఈత దుస్తులే వేసుకుంటారు.

2. పచ్చబొట్టు ఉంటే ముందే కనుక్కోండి

అక్కడి ముఠాల గుర్తు పచ్చబొట్టు కావడంతో చాలా స్నానశాలలు రానివ్వవు. 2015లో జపాన్ పర్యాటక శాఖ అడిగినప్పుడు జవాబిచ్చిన స్నానశాలల్లో సగానికి పైగా అనుమతించం అనే చెప్పాయి. మీది మణికట్టు మీద చిన్న సీతాకోకచిలుక అయినా, అమ్మమ్మ చేతి మీది పాత పచ్చబొట్టయినా నియమం నియమమే. చిన్నదైతే పైన అంటించుకునే స్టిక్కర్లు దొరుకుతాయి, కొన్నిచోట్ల అవి వేసుకుంటే ఒప్పుకుంటారు. పెద్దదైతే కాషికిరి తీసుకోండి, లేదా అనుమతించే ఊరికి వెళ్లండి. హ్యోగో వైపు కినోసాకి అనే ఊళ్లో పబ్లిక్ స్నానశాలలు పచ్చబొట్లున్నవాళ్లనీ రానిస్తాయి.

3. ఈ ఇబ్బందులుంటే డాక్టర్‌ని అడగకుండా దిగొద్దు

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, జ్వరం, మానని పుండ్లు. గర్భిణులు కూడా తమ డాక్టర్‌ని అడగాలి. సుగర్ ఉన్నవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, మన వైపు ఇంటికొకరు ఉన్నారు కాబట్టి. ఏళ్ల తరబడి సుగర్ ఉంటే పాదాలకి వేడి సరిగా తెలియదు, కాలినా తెలియదు. వాళ్లు నీళ్ల వేడిని పాదంతో కాకుండా మోచేత్తో చూసుకోవాలి.

మందు తాగి దిగడం ప్రమాదం. మగవాళ్ల గుంపుల్లో ఈ పొరపాటు ఎక్కువ. బీరు ఏదైనా ఉంటే స్నానమయ్యాక, నీళ్లు తాగాక. కడుపునిండా భోంచేసి వెంటనే దిగొద్దు, గంట ఆగండి. ఖాళీ కడుపుతోనూ వద్దు.

4. ఆ రోజు తలకి నూనె వద్దు, ఒంటిమీద వెండి వద్దు

కొబ్బరినూనె లేకుండా మనకి పొద్దు గడవదు. కానీ నూనె తలని ఒక్క షాంపూతో వదిలించలేం. ముడిలోంచి చుక్క జారినా తొట్టి నీళ్ల మీద జిడ్డు తేలుతుంది. ముందురోజు సాయంత్రమే తలంటుకోండి.

వెండి గురించి నా అనుభవం చెబుతాను. మేం వెళ్లింది గున్మా జిల్లాలో కుసత్సు. టోక్యో నుంచి బస్సులో నాలుగు గంటలు. బస్సు దిగగానే కుళ్లిన గుడ్డు వాసన. ఊరి మధ్యలో వేడినీళ్లని చెక్క కాలవల్లో పారించి చల్లబరుస్తారు. ఆ చోటు పేరు యుబతాకే, అంటే వేడినీళ్ల చేను. మన కాలవల ఊళ్లవాళ్లం కదా, ఆ చెక్క బోదెలని చూస్తూ అరగంట నిలబడిపోయాం. ఆ వాసన గంధకానిది. నేను గాజులు తీశాను కానీ పట్టీలూ మెట్టెలూ మర్చిపోయాను. పది నిమిషాల తర్వాత గట్టెక్కి చూసుకుంటే పట్టీలు పొయ్యి మీది గిన్నె అడుగులా నల్లబడ్డాయి. గంధకం వెండితో కలిస్తే అంతే. మగవాళ్ల వెండి మొలతాడుకీ ఇదే గతి. వన్ గ్రామ్ గోల్డ్ నగలైతే పూత దెబ్బతింటుంది.

పుస్తెలు తీయడం ఇష్టం లేకపోతే ఉంచుకోండి, ఎవరూ ఏమీ అనరు. మేలిమి బంగారానికి ఏమీ కాదు. అయితే వేడినీళ్లలో లోహం కాగి చర్మానికి చురుక్కుమంటుంది, గొలుసు నీళ్ల పైన ఉండేలా కూర్చోండి. కుసత్సు నీళ్లు బాగా ఆమ్లం, దాదాపు నిమ్మరసమంత. ఆ రోజు పొద్దున షేవింగ్, వ్యాక్సింగ్ చేసుకుంటే మంట లేస్తుంది. రెండు రోజుల ముందే కానివ్వండి.

5. గుమ్మం దగ్గర

చెప్పులు, బూట్లు బయటి అరల్లో పెట్టి తాళం చెవి తీసుకోండి. టికెట్ మెషిన్‌లో తీసుకుని కౌంటర్‌లో ఇస్తారు. తర్వాత రెండు గుడ్డ తెరలు కనిపిస్తాయి. సాధారణంగా నీలం మగవాళ్లది, ఎరుపు ఆడవాళ్లది. అయితే రంగుని మాత్రమే నమ్మొద్దు, అక్షరం చూడండి. పైన నాలుగు మడులుగా గట్లు వేసిన చేనులాంటి చతురస్రం, దాని కింద కొడవలిలాంటి వంపు గీత ఉంటే మగవాళ్లది. ఆ చతురస్రం నిజంగానే వరి చేను గుర్తు, అందుకే మనకి బాగా గుర్తుండిపోతుంది. చతురస్రం లేకుండా, ఒకదాన్నొకటి దాటే రెండు వంపు గీతల మీద ఒక అడ్డగీత ఉంటే ఆడవాళ్లది.

హెచ్చరిక: బస చేసే సత్రాల్లో చాలాచోట్ల ఆడ, మగ వైపులని రోజూ మార్చేస్తుంటారు. నిన్న కుడివైపు వెళ్లాం కదా అని ఈరోజు కళ్లు మూసుకుని వెళ్లొద్దు. ప్రతిసారీ తెర చూడండి.

ఫోన్ లాకర్‌లోనే. బట్టలు మార్చుకునే గదిలో ఫోన్ తీయడమే తప్పు, సెల్ఫీ మాట తలపెట్టొద్దు.

6. కడుక్కోవడం

బట్టలన్నీ బుట్టలోనో లాకర్‌లోనో పెట్టి, చిన్న తువ్వాలు మాత్రం పట్టుకుని లోపలికి వెళ్లండి. నడిచేటప్పుడు దాన్ని ముందు అడ్డం పెట్టుకోవచ్చు, అందరూ అలాగే చేస్తారు. గోడ పక్కన వరసగా కుళాయిలు, షవర్లు, చిన్న పీటలు ఉంటాయి. పీట మీద కూర్చునే స్నానం చేయాలి. నిలబడి పోసుకుంటే పక్కవాళ్ల మీద చిందుతుంది. మన పెరటి స్నానం కూడా పీట మీదే కాబట్టి ఇది కష్టం కాదు.

సీసాల మీద అంతా జపాన్ రాతే ఉంటుంది. అక్కడి షాంపూ సీసాల్లో చాలావాటికి పక్కన చేతికి తగిలేలా గరుకు గీతలుంటాయి, కండిషనర్‌కి ఉండవు. వేలితో తడిమి చూడండి.

తలనుంచి కాళ్లదాకా సబ్బుతో రుద్దుకోండి. చెవుల వెనక, మెడ, చంకలు, కాలివేళ్ల సందులు, మడమలు. "పొద్దున్నే స్నానం చేశాం కదా" అని ఇది వదిలేయడమే కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. అక్కడివాళ్లు నోరు తెరిచి అనరు, కానీ చూస్తారు. మేకప్, సన్‌స్క్రీన్ కూడా పూర్తిగా పోవాలి.

సబ్బు పోయిందా లేదా అన్నది ఇక్కడే తేల్చుకోండి. షవర్ ఆపి, అరచేత్తో ముంజేతిని గట్టిగా రుద్దండి. చెయ్యి పట్టిపట్టినట్టు ఆగితే పోయినట్టు. జారితే మళ్లీ కడగాలి. తొట్టిలోకి దిగాక మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. క్షారం ఎక్కువున్న బుగ్గల్లో నీళ్లకే జారుడు గుణం ఉంటుంది. మాలో ఒకామె వేరే ఊళ్లో ఆ జారుడు చూసి సబ్బు మిగిలిపోయిందని కంగారుపడి మూడుసార్లు వెనక్కి వెళ్లి కడుక్కుంది.

లేచేముందు పీటని నీళ్లతో కడిగి, గిన్నె బోర్లించి, నురగ మిగలకుండా చూడండి. పొడుగు జుట్టుంటే జడ చాలదు, నెత్తిమీదికి ముడి వేయాలి. ఒక్క వెంట్రుక కూడా నీళ్లని తాకకూడదు.

7. దిగడం

తొట్టి నీళ్లు చాలాచోట్ల 40 నుంచి 43 డిగ్రీలు. రోహిణి కార్తెలో 43 ఎండలో తిరిగినవాళ్లం, ఇదెంత అనుకోకండి. ఎండలో చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. నీళ్లలో మెడదాకా కూర్చుంటే ఆ చెమట ఆరే దారి లేదు, వేడంతా లోపలే ఉండిపోతుంది.

అందుకే ముందు చెంబుతో తొట్టి నీళ్లు తీసుకుని తొట్టి బయటే పోసుకోండి. మొదట పాదాలు, తర్వాత మోకాళ్లు, నడుము, భుజాలు. అప్పుడు మెల్లగా దిగండి. నీళ్లు ధారగా పడే మూల అన్నిటికంటే వేడి, దానికి దూరంగా కూర్చోండి. మొదటిసారి నడుము దాకా రెండు నిమిషాలు, తర్వాత భుజాల దాకా మూడు నిమిషాలు. చాలు, బయటకు వచ్చి గట్టు మీద కూర్చోండి. కాసేపాగి మళ్లీ దిగండి. మొత్తం పది పదిహేను నిమిషాలు దాటించొద్దు.

మన గోదారి అలవాటు ఒకటి ఇక్కడ గట్టిగా ఆపుకోవాలి, అదే మునక. నీళ్లు చూడగానే ముక్కు మూసుకుని మూడు మునకలు వేయడం మనకి చిన్నప్పటినుంచీ ఉంది. రేవులో అది పుణ్యం. ఇక్కడ తల నీళ్లలో పెట్టకూడదు. ఆమ్లపు నీళ్లయితే కళ్లు భగ్గుమంటాయి. పుక్కిలించడం, ఉమ్మడం, ఈత కొట్టడం, ఒకరిమీద ఒకరు నీళ్లు చల్లుకోవడం కూడా వద్దు. తువ్వాలు నీళ్లలో ముంచొద్దు, మడిచి నెత్తిమీద పెట్టుకోండి. మాటలు మెల్లగా ఆడుకోవచ్చు. ముగ్గురం తెలుగులో మొదలెడితే గొంతు లేచిపోతుంది, మేం వేలితో సైగ పెట్టుకున్నాం.

నీళ్లు మరీ వేడిగా ఉన్నాయని మీ అంతట మీరు చన్నీళ్ల కుళాయి తిప్పేయకండి. చన్నీళ్లు కలిపితే గుణం పలచబడుతుందని కుసత్సులో పొడుగు చెక్క పలకలతో నీళ్లని తిరగేసి చల్లారుస్తారు. అంత పట్టింపు వాళ్లది. తట్టుకోలేకపోతే వేరే తొట్టి చూసుకోండి.

లేవాల్సిన గుర్తులు: పైపెదవి మీద చెమట బొట్లు కట్టడం, చెవుల్లో గుండె చప్పుడు వినిపించడం, ఆవలింతలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా లేవండి, ఒక్కసారిగా మాత్రం కాదు. ముందు గట్టు మీద కూర్చుని, ఇరవై అంకెలు లెక్కపెట్టి, గట్టు పట్టుకుని నిలబడాలి. వేడికి రక్తనాళాలు వెడల్పై బీపీ తగ్గి ఉంటుంది, గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. మా స్నేహితురాలు అలాగే లేచి రాతి నేల మీద తూలింది, నేను చెయ్యి పట్టుకోబట్టి సరిపోయింది. కూర్చోబెట్టి, చన్నీళ్లతో తడిపిన తువ్వాలు నుదుటి మీద పెట్టాం. ఐదు నిమిషాల్లో తేరుకుంది. తేరుకోకపోతే సిబ్బందిని పిలవాలి, "సుమిమాసెన్" అని గట్టిగా అంటే వస్తారు. అందుకే మొదటిసారి ఒంటరిగా దిగొద్దని చెబుతాను. ఇద్దరిద్దరుగా జట్టు కట్టి, ఒకరిమీద ఒకరు కన్నేసి ఉంచండి.

8. బయటకు వచ్చాక

చిన్న తువ్వాలు పిండి, ఒళ్లంతా ఒకసారి తుడుచుకున్నాకే బట్టల గదిలోకి అడుగుపెట్టండి. నీళ్లు కారుతూ వెళ్తే నేల తడిసి వెనకాల వచ్చేవాళ్లు జారతారు. మామూలు ఒన్సెన్ అయితే ఆ నీళ్ల గుణం ఒంటి మీదే ఉండాలని కడుక్కోరు. కుసత్సులాంటి ఆమ్లపు నీళ్లయితే, చర్మం సున్నితంగా ఉంటే మంచినీళ్లతో కడిగేసుకోండి. సాయంత్రానికి దురద, ఎర్రటి మచ్చలు కనిపిస్తే ఆ నీళ్లు మీకు పడనట్టే, రెండోసారి దిగొద్దు.

సత్రంలో యుకాతా అనే పల్చటి నూలు అంగీ ఇస్తే ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోండి. కుడి అంచు పైకి వేయడం అక్కడ శవానికే. తెలియక వేస్తే పెద్దవాళ్లు కంగారుగా వచ్చి సరిచేస్తారు.

నీళ్లు తాగండి, సీసాడు. అరగంట కూర్చోండి. అక్కడ గాజు సీసాలో చల్లటి పాలు అమ్ముతారు, తప్పక తాగాల్సినవి.

పట్టీలు నల్లబడితే పారేయకండి, తక్కువకి అమ్మేయకండి. నేను ఇంటికొచ్చి ముందు కుంకుడు రసంతో తోమాను, పెద్దగా పోలేదు. తర్వాత గిన్నె అడుగున రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకు పరిచి, దాన్ని తాకేలా పట్టీలు పెట్టి, చెంచా వంటసోడా, చెంచా ఉప్పు వేసి మరిగే నీళ్లు పోశాను. కుసత్సు బస్టాండు వాసన వంటింట్లో గుప్పుమంది. ఐదు నిమిషాలకి తీసి చూస్తే సగం తెల్లబడ్డాయి. కొత్త రేకు వేసి రెండోసారి చేశాక మొత్తం వదిలింది. రాళ్లు పొదిగినవాటికి, ఎనామిల్ రంగున్నవాటికి మాత్రం ఈ పని చేయకండి, కంసాలికి ఇవ్వండి.